తేలికైన చాకు కోసం వెదికిన మా రత్నమాణిక్యం పిన్నిగారు

గత మంగళవారం ఉదయం పెద్దాపురంలో మా నర్సరీ గేటు తీస్తుండగా పద్మ ఫోను చేసింది. పద్మ మా రత్నమాణిక్యం పిన్నిగారి కోడలు. ఎప్పుడు చేసినా "వదినా, కాఫీ తాగారా?" అని మొదలుపెట్టే మనిషి. ఆ రోజు పలకరింపు లేదు. "అత్తయ్యగారు వెళ్ళిపోయారండి" అంది. కాకినాడ ఆసుపత్రి నుంచి ఆ రోజే ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పి ఉన్నారు. అందుచేత నేను సంతోషంగా, "అప్పుడే బయల్దేరిపోయారా? కడియం చేరేసరికి పదకొండవుతుందేమో, నేనూ వచ్చేస్తాను" అన్నాను. అవతల నుంచి పద్మ ఏడుపు వినిపించాక గాని నేను ఏమన్నానో నాకు తెలియలేదు.

పిన్నిగారు ఇక లేరు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకున్నారు. ముందురోజు సాయంత్రం రెండు ఇడ్లీలు తిన్నారు. తెల్లవారి లేచి మొహం కడుక్కుని, తువ్వాలు అందుకోబోతూ మంచం మీదకు ఒరిగిపోయారట. డెబ్బై ఒకటో ఏడు. వయసైనవారే కదా అని నన్ను ఓదార్చినవాళ్ళున్నారు. ఆ ఓదార్పు నాకు అందలేదు. ఆమె ఉన్నారన్న ధైర్యంతో నేను ఎన్ని పనులు తలకెత్తుకున్నానో ఈ నాలుగు రోజుల్లో ఒక్కొక్కటిగా తెలిసివస్తున్నది.

కడియం నర్సరీల సీమలో అంటుకట్టే విద్య తెలిసినవారు వందలమంది ఉంటారు. ఆ విద్యకు శీలాన్ని కూడా జతచేసి నేర్పినవారు నేనెరిగినంతలో ఆమె ఒక్కరే. అంటుకట్టడమంటే వేళ్ళూనిన మొక్క కాండాన్ని చీల్చి, మేలుజాతి కొమ్మను కోసి అందులో అమర్చి, గాలి చొరకుండా టేపు చుట్టడం. "రెండు గాయాలు ఒకదాన్నొకటి నమ్మాలమ్మా. కోత నున్నగా లేకపోతే ఎలా నమ్ముతాయి?" అనేవారు. ఆ చేతి మామిడి అంట్లు, సపోటా అంట్లు ఈ రెండు జిల్లాల తోటల్లో ఇవాళ కాపు మీద ఉన్నాయి. ఆమెకు ఏ సభలోనూ శాలువా కప్పలేదు. కప్పుతామన్నా వెళ్ళేవారు కారనుకుంటాను.

ఆమెను ఎరిగినవారు ఆ అంట్ల గురించి చెప్పుకుంటారు. నేను ఆమె రొంటిన ఉండే మడతచాకు గురించి చెప్పాలనుకుంటున్నాను. ఏ చాకు కొనుక్కోవాలి, ఏది దగ్గర పెట్టుకోవాలి అన్నది సంతలో నిలబడి క్షణంలో తేల్చుకునే సంగతి. పిన్నిగారు దాన్ని ఇరవై ఏళ్ళకు పైగా ఆలోచించారు. ఎందుకు ఆలోచించారో ఆమె దగ్గర పని నేర్చుకున్న మాకు తప్ప బయటివారికి తెలియదు.

నేను ఆమె దగ్గరకు వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు. బోటనీతో డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఆమె నర్సరీ వెనక రేకుల షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని అంట్లు కడుతున్నారు. నాకూ ఒక పీట, ఒక అంటుకత్తి ఇచ్చారు. నేను కోసిన ప్రతి కొమ్మా గుంటపడింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. "పుర్రచెయ్యి కదా, దానికెలా వస్తుంది?" అన్నది ఒకావిడ. నాది ఎడమచేతి వాటం. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూనే ఉన్నాను గనుక తల వంచుకున్నాను.

పిన్నిగారు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "ఏదీ, ఆ కత్తి కింద పెట్టు" అన్నారు. కత్తిని చేతి నుంచి చేతికి అందుకుంటే కలహమని ఆమె నమ్మకం. పెట్టాను. తీసి వెలుతురుకేసి పట్టుకుని చూశారు.

"తప్పు నీ చేతిది కాదమ్మాయ్. ఈ అలుగుకి ఒకవైపే సాన ఉంది చూడు. కుడిచేతివాళ్ళ కోసం చేసింది ఇది. నీ చేతిలో అయితే ఇది కొమ్మ లోపలికి దిగిపోతుంది. అంతే."

ఆ తర్వాత మూడు మధ్యాహ్నాలు భోజనం కాగానే గట్టు మీద కూర్చుని, ఒక పాత కత్తిని అరగదీసి, రెండోవైపు సానపట్టారు. నాలుగో రోజు పొద్దున నా పీట ముందు పెట్టి, "తీసుకో" అన్నారు. ఆ రోజు నా కోత అద్దంలా వచ్చింది. నన్ను వెక్కిరించిన ఆవిడే లేచి వచ్చి చూసింది. నా చెయ్యి తప్పు కాదని నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశానని అప్పటిదాకా నాకే తెలియదు.

అంటుకత్తి పనిముట్టు. సాయంత్రం కడిగి షెడ్డులో పెట్టి వెళ్ళాలి. అది కాక మరొక చిన్న మడతచాకు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండి తీరాలని ఆమె నియమం. పనిలో ఉన్నా, బజారుకు వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా రొంటిన ఉండాలి. పొద్దున రాగానే వరసగా అడిగేవారు: "ఉందా?" ఉందని తీసి చూపించాలి. మాకు అది వింతగా ఉండేది. బడిలో గోళ్ళు చూపించమన్నట్టుందని చాటున నవ్వుకునేవాళ్ళం.

ఆ చాకును ఎంచే పద్ధతి ఇంకా విచిత్రం. చీర కట్టుకునే ఆడదానికి జేబుండదు. కుచ్చిళ్ళ పక్కన దోపుకోవాలి. బరువున్న చాకు వంగినప్పుడల్లా జారుతుంది. కొత్త చాకు ఏదైనా దొరికితే ముందు తనే దోపుకుని రోజంతా కుండీలెత్తేవారు, నీళ్ళు పెట్టేవారు, బస్సెక్కి రాజమండ్రి వెళ్ళివచ్చేవారు. తర్వాత మాలో ఒకరికిచ్చి అలాగే తిరగమనేవారు. సాయంత్రం ఒక్కటే ప్రశ్న: "ఎన్నిసార్లు గుర్తొచ్చింది?"

"రెండుసార్లండి, పిన్నిగారూ."

"అయితే నీకిది వద్దు. మోస్తున్నామని గుర్తొచ్చిన వస్తువుని ఏదో ఒకరోజు ఇంట్లో వదిలేస్తాం."

కోడిగుడ్డు కంటే బరువుండకూడదని ఆమె కొలత. నిజంగానే ఒక చేతిలో గుడ్డు, ఒక చేతిలో చాకు పెట్టుకుని కళ్ళు మూసుకుని తూచేవారు. అలుగు చూపుడువేలంత చాలు. చేతికి బురద పూసుకుని, ఒంటిచేత్తో, బొటనవేలితో తెరవగలగాలి. గోరు గుచ్చి లాగితే తప్ప రాని చాకుని అటు పెట్టేసేవారు. "కంగారులో గోరు ఎక్కడుంటుందమ్మా, చెయ్యే ఎక్కడుందో తెలీదు."

పెద్దాపురం మరిడమ్మ జాతరకు ఏటా వెళ్ళేవారు. అమ్మవారి దర్శనం కాగానే ఇనుపసామాను దుకాణాల దగ్గరకు దారితీసేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. అమ్మేవాడు ఆమె శ్రద్ధ చూసి ఒక బరువైన చాకు తీసి పట్టుకుని, "ఇది చూడండి అమ్మగారూ! ఇత్తడి పిడి. మీ మనవల కాలం దాకా ఉంటుంది" అన్నాడు.

"ఆయ్, ఉంటుంది బాబూ. ఇంట్లో ఉంటుంది. నాతో ఉండదు" అన్నారు. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నా, ఆ ఇత్తడి పిడిని చూసిన క్షణంలో ఆమె మొహం మారడం నేను గమనించాను. కారణం తెలియలేదు.

వద్దనుకున్న చాకులన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. ఒక్కొక్కదానికి దారంతో చిన్న అట్టముక్క కట్టి, ఎందుకు పనికిరాదో గుండ్రటి అక్షరాలతో రాసేవారు. "జారింది." "తడిస్తే తెరుచుకోలేదు." "ఉప్పుగాలికి తుప్పు." కొడుకు శ్రీను ఎక్కడి నుంచో తెప్పించిన కర్రపిడి చాకు ఒకటుండేది. దూదిపింజలా తేలిక. పిడి మెడకు ఉంగరంలాంటి తాళం. దాన్ని తిప్పితే అలుగు కదలదు. ఆమె ఎంతో మురిసిపోయారు. తీరా తొలకరి పడేసరికి పిడి తేమకు ఉబ్బి అలుగును పట్టేసుకుంది. రెండు చేతులతో లాగినా రాలేదు. దాని అట్టముక్క మీద, "మంచిదే. మన గోదావరి గాలి పడలేదు" అని రాసి డబ్బాలో పెట్టారు.

ఆమెను బాగా వేధించింది తాళం సంగతి. తాళం లేని చాకులు మరీ తేలిక, కాని గట్టిగా నొక్కితే వేలి మీదకు మడుచుకుంటాయి. అలాంటిదొకటి ఆమె చూపుడువేలి మీద తెల్లటి గీత మిగిల్చింది. తాళం ఉన్నవాటికి లోపల ఒక ఇనుపరేకు అదనం, ఆ మేరకు బరువు. నెలరోజులు రెంటినీ మార్చి మార్చి దోపుకున్నారు. చివరికి నైలాన్ పిడీ, సన్నటి స్టీలు అలుగూ, పిడి వీపున తాళమూ ఉన్న ఒక చాకు దగ్గర ఆగారు. మా అందరికీ అదే తెప్పించారు. ఆ తర్వాత కూడా వెదకడం మానలేదు.

ఆ డబ్బాలో అట్టముక్క లేని చాకు ఒకటుండేది. ఇత్తడి పిడి, పాతది. "దీనికేం రాయలేదేంటి, పిన్నిగారూ?" అని ఒకసారి అడిగాను. ఆమె డబ్బా మూత పెట్టేశారు.

ఆమెలో దోషాలు లేవని రాస్తే ఆమే ఒప్పుకోరు. మాతోపాటు మంగతాయారు అనే అమ్మాయి ఉండేది, ధవళేశ్వరం నుంచి వచ్చేది. మా అందరిలోకీ మంచి చెయ్యి. రోజుకు మేము నూరు అంట్లు కడితే ఆమె నూట యాభై కట్టేది, ఒకటీ వాడిపోయేది కాదు. కాని చాకు మరిచిపోయేది. మూడోసారి మరిచిపోయి వచ్చిన రోజున పిన్నిగారు అందరి ముందూ ఆమెను నిలబెట్టి, "ఇంటికి వెళ్ళిపో. ఇక రాకు" అన్నారు.

మంగ నమ్మలేదు. "రేపు తెచ్చుకుంటానండి. ఇంత చిన్నదానికి..."

"చిన్నదా? నీకది చిన్నదా?" ఆ గొంతు అంతకుముందు మేమెవరం వినలేదు.

నేను ఉండబట్టలేక లేచాను. "చాకు లేకపోతే ఏమైందండీ? నాది ఇస్తాను కదా. ఇక్కడ పదిమంది దగ్గర ఉన్నాయి."

పిన్నిగారు నావైపు చూశారు. మొహంలో నెత్తురు లేదు. "పదిమంది ఉన్నారు. ఒక్కరి దగ్గరా లేదు" అన్నారు. అర్థంలేని మాట అనుకున్నాను. మంగ టిఫిన్ డబ్బా తీసుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నేను రెండు నెలలు పిన్నిగారితో పొడిపొడిగా మాట్లాడాను. ఒక పనిముట్టు మీద ఇంత మూర్ఖత్వమేమిటని మనసులో ఆమెను చాలా తక్కువ చేశాను.

ఆ అజ్ఞానం ఒక మిట్టమధ్యాహ్నం వదిలింది. రాజమండ్రిలో టేపు చుట్టలు కొనుక్కుని, పిన్నిగారూ నేనూ ఆటోలో తిరిగి వస్తున్నాం. కాలవగట్టు రోడ్డు మీద ముందు జనం మూగి ఉన్నారు. ఒక మోటారుసైకిలు పక్కకు పడి ఉంది. వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రానికి చుట్టుకుని, మెడ చక్రం దాకా లాగేసింది. ఆమె భర్త బండిని ఎత్తబోతున్నాడు. నలుగురు మగవాళ్ళు చక్రాన్ని వెనక్కి తిప్పబోతున్నారు. తిప్పినకొద్దీ గుడ్డ బిగుసుకుంటోంది. "బ్లేడుందా? ఎవరి దగ్గరైనా బ్లేడుందా?" అని ఒకాయన అరుస్తున్నాడు. అమ్మాయి కాళ్ళు కొట్టుకోవడం తగ్గిపోతున్నది.

ఆటో ఆగకముందే పిన్నిగారు దిగిపోయారు. "జరగండి బాబూ" అన్నారు, అంతే. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేతి రెండు వేళ్ళు మెడకూ గుడ్డకూ నడుమ దూర్చారు. కుడిచేతిలో చాకు ఎప్పుడు తెరుచుకున్నదో నేను చూడలేదు. అలుగు పదునువైపు బయటికి పెట్టి ఒక్క లాగు లాగారు. గుడ్డ తెగింది. అమ్మాయి పెద్దగా ఊపిరి లాగి, దగ్గి, ఏడ్చింది. ఎవరో నీళ్ళు పట్టారు. కాస్త తేరుకున్నాక చేతిలోని చున్నీముక్క చూసుకుని, "అయ్యో, మా అత్తయ్యగారు కొన్నదండీ" అంది. అందరూ నవ్వేశారు. పిన్నిగారూ నవ్వారు. "మీ అత్తయ్యగారికి నేను చెప్తానులే" అని ఆమె తల నిమిరి లేచారు.

లేచి ఆటో దగ్గరకు రాలేదు. కాలవగట్టు దిగి, ఒక రాయి మీద కూర్చున్నారు. వెళ్ళి చూస్తే భుజాలు కదులుతున్నాయి. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. పక్కన కూర్చున్నాను.

"మీ బాబాయిగారు ఎలా పోయారో తెలుసా నీకు?"

పిన్నిగారి భర్త సూర్యారావు గారు నేను చేరడానికి నాలుగేళ్ళ ముందు గోదావరిలో పోయారని మాత్రం తెలుసు. "పడవ బోల్తాపడిందని విన్నానండి" అన్నాను.

"బోల్తాపడలేదమ్మా. ఏటి నడుమ లంకలో ఒకాయనకి కొబ్బరి మొక్కలివ్వాలి, ఇద్దరం పడవలో తీసుకెళ్ళాం. వరద మొదలై ఎర్రనీరు అప్పుడే దిగింది. రేవు దగ్గర వడి ఎక్కువగా ఉందని పడవాయన లంగరేశాడు. ఆ తాడుచుట్టలో ఈయన కాలుంది. ఎవరం చూసుకోలేదు. లంగరుతోపాటు ఈయన్నీ లాగేసింది. నేనో చెయ్యి పట్టుకున్నాను, పడవాయనో చెయ్యి. తల నీళ్ళమీదే ఉందమ్మా. నాతో మాట్లాడారు కూడా. 'మాణిక్యం, తాడు కొయ్యి' అన్నారు. పడవలో ఇంకా పదిమంది ఉన్నారు. ఒక్కరి దగ్గరా కత్తి లేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నాకో చాకుండేది. ఇత్తడి పిడిది. ఆయనే కొనిపెట్టారు. ఆ పొద్దున మొక్కలెత్తుతుంటే రెండుసార్లు జారి కిందపడింది. విసుగొచ్చి వంటింటి గూట్లో పెట్టేశాను, వచ్చాక తీసుకోవచ్చులే అని. గట్టుమీంచి ఎవరో కొబ్బరికాయల కత్తి పట్టుకుని ఈదుకుంటూ వస్తున్నాడు. కనపడుతున్నాడు కూడా. ఈయన చెయ్యి తడిచెయ్యి. నా చెయ్యీ తడిదే."

కాలవలో నీళ్ళు పారుతున్నాయి. ఆటో ఆయన ఒకసారి హారన్ కొట్టబోయి, మమ్మల్ని చూసి మానుకున్నాడు.

ఆ రోజు నుంచి పిన్నిగారి నియమం నాకు మూర్ఖత్వంగా కనిపించలేదు. కాని మంగ పట్ల జరిగింది న్యాయమనీ అనిపించలేదు. ఆ మాట ధైర్యం చేసి అన్నాను. మూడో రోజు ఆమె చీర మార్చుకుని వచ్చి, "ధవళేశ్వరం వెళ్దాం, పద" అన్నారు.

మంగ ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. పిన్నిగారు కుర్చీలో కూర్చోలేదు. "నా భయాన్ని నీ మీద కక్కానమ్మా. పదిమందిలో నిన్ను చిన్నబుచ్చాను. క్షమించు" అని, గోదావరి సంగతి మొదటి నుంచీ చెప్పారు. మంగ విని చీరచెంగుతో కళ్ళొత్తుకుంది.

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే సరిపోయేది కదండీ, పిన్నిగారూ. నేనెందుకు మరిచిపోతాను?"

"చెప్పలేకపోయానమ్మా."

మంగ కాఫీ ఇచ్చింది, వెళ్ళేటప్పుడు బొట్టుపెట్టింది. తిరిగి పనిలోకి మాత్రం రాలేదు. కుట్టుపని కుదురుకుందని చెప్పింది. బస్సులో వస్తూ పిన్నిగారు, "మంచి చేతిని పోగొట్టుకున్నాను. అది నా తప్పే. ఇక ఎవరు కొత్తగా వచ్చినా ముందు చెప్పాలి, తర్వాతే అడగాలి" అన్నారు. అలాగే చేశారు. ఆ తర్వాత చేరిన ప్రతి పిల్లకూ మొదటి రోజునే, మొక్క ముట్టుకోకముందే, తన భర్త మరణం చెప్పేవారు. ప్రతిసారీ అది ఆమెకు ఎంత కష్టమో పక్కన నిలబడి చూసినదాన్ని నేను. చెప్పడం పూర్తిచేసి నీళ్ళు తాగేవారు. అప్పుడు కొత్త చాకు కింద పెట్టి, "తీసుకోమ్మా" అనేవారు.

ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళం ఎందరమో ఇవాళ సొంత నర్సరీలు పెట్టుకున్నాం. నేను పెద్దాపురంలో పెట్టుకున్నప్పుడు ఆమె వచ్చి మొదటి అంటు కట్టి, "వంకర పోతే నా పేరు చెప్పకు" అని హాస్యమాడారు. వారానికి రెండుసార్లు ఫోను చేసేవారు. మాటల్లో ఎక్కడో ఒకచోట, "కొత్త చాకులేమైనా వచ్చాయా?" అని తప్పక అడిగేవారు.

ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజు వెళ్ళాను. ముక్కుకు గొట్టం, మాటకు ఆయాసం. చేర్చిన రోజున గుమ్మం దగ్గర కాపలా అబ్బాయి లోపలికి చాకు పనికిరాదన్నాడట. పద్మ బతిమాలబోతే పిన్నిగారే ఆపి, తన రొంటి నుంచి తీసి బల్లమీద పెట్టి, "నియమం నియమమే బాబూ" అన్నారట. ఆమె ఎంత అల్లాడుతున్నారోనని నేను భయపడుతూ వెళ్ళాను.

"దిగులుగా ఉందా, పిన్నిగారూ?" అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపారు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, కాస్త ఆశ్చర్యపడుతున్నట్టు నవ్వారు. "విచిత్రంగా ఉందే అమ్మాయ్. రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఇన్నేళ్ళూ తేలికదే పెట్టుకున్నాననుకున్నాను."

నాకు దుఃఖం ఆగలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి, బయట రోడ్డు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆవిడ వెనక నుంచి, "టేపు చుట్టలు తడవకుండా పెట్టించావా? ముసురొచ్చేలా ఉంది" అన్నారు. ఆమెతో నా చివరి సంభాషణ టేపు చుట్టల గురించే.

కడియంలో ఆమె దేహాన్ని నర్సరీ ముందు పడుకోబెట్టినప్పుడు నేను పాదాల దగ్గర కూర్చున్నాను. వచ్చినవారిలో సగంమంది నాకు తెలియదు. ధవళేశ్వరం నుంచి మంగ వచ్చింది. తల కొంచెం నెరిసింది. నా పక్కన కూర్చుని, "మళ్ళీ పనిలోకి రమ్మని ఇంకొక్కసారి అడుగుతారేమోనని చూశాను వదినా. ఆవిడ మొహమాటపడ్డారు, నేనూ మొహమాటపడ్డాను" అంది. శ్రీను తల్లి నుదుట చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దహనం గోదావరి ఒడ్డున జరగకూడదని ఆమె ఏనాడో చెప్పి ఉంచారట. తోట పక్కన సొంత నేలలోనే జరిపారు.

నిన్న నేను రాజమండ్రి వెళ్ళవలసి వచ్చింది. వచ్చే సోమవారం మా నర్సరీలో నలుగురు ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి చేరుతున్నారు. కోటిపల్లి బస్టాండు దగ్గర మేం ఎప్పుడూ చాకులు కొనే దుకాణంలో అడుగుపెట్టగానే షావుకారు గారు నా వెనక్కి చూసి, "పిన్నిగారు రాలేదేంటండి?" అన్నారు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి గల్లాపెట్టె మీద పెట్టారు. తర్వాత, మేం వాడే రకం ఇక రావడం లేదని చెప్పి, కొత్తవి రెండు తీసి అద్దాల బల్ల మీద పెట్టారు. ఒకటి ఈకంత తేలిక, తాళం నమ్మకంగా లేదు. రెండోది గట్టిగా ఉంది, కొంచెం బరువు.

రెండూ మార్చి మార్చి రొంటిన దోపుకుని రోడ్డు దాకా నడిచి వచ్చాను. వంగి చూశాను. బొటనవేలితో తెరిచి చూశాను. నాకేమీ తేలలేదు. ఎప్పుడు తీశానో తెలియదు, ఫోను చేతిలో ఉంది. ఆమె పేరు తెరమీద ఉంది. నొక్కబోయి ఆగాను.

"ఏది ఇమ్మంటారండి?" అని షావుకారు గారు మెల్లగా అడిగారు.

తాళం గట్టిగా ఉన్నవే నాలుగు ఇమ్మన్నాను. ఆయన కాగితంలో చుట్టి బల్లమీద పెట్టారు. తీసుకుని బస్సెక్కాను. పెద్దాపురం దాకా ఆ పొట్లం ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. నేను ఎంచినవి సరైనవేనో కావో ఇప్పటికీ తెలియదు. "కాదమ్మాయ్, తిరిగిచ్చి వచ్చెయ్యి" అని చెప్పగలిగిన మనిషి ఈ భూమి మీద ఒక్కరే ఉండేవారు. సోమవారం పొద్దున ఆ నలుగురు పిల్లలనూ కూర్చోబెట్టి, పిన్నిగారి లాగా, గోదావరి సంగతి మొదటి నుంచీ చెప్పాలి. ఇక చెప్పవలసినదాన్ని నేనే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఈ నాలుగు మాటలు రాసుకున్నాను. ఇవే ఆమె పాదాలకు నా నమస్కారం.